సొరంగంలో మూడో చరణం

మా శాక్రమెంటో తెలుగు చర్చిలో పాట నడిపించే దైవాశీర్వాదం గారికి శృతి తప్పితే ఒళ్ళు మండేది. ఆరాధన మధ్యలో ఆపి మరీ చీవాట్లు పెట్టేవారు. దేవుడైనా కాస్త ఓర్చుకుంటాడేమో గానీ, ఈ నరసాపురం మనిషి ఓర్చుకునేవారు కాదు.

అలాంటాయనకు ప్రాణస్నేహితుడు భాస్కర్. మెషిన్‌షాపులో ఆయన పక్క బల్ల మీద పనిచేసే వరంగల్ కుర్రాడు. గొంతు విప్పితే శృతి ఆమడ దూరం పారిపోయేది. వీళ్ళిద్దరికీ ఎలా కుదిరిందో మాకు అంతుపట్టేది కాదు.

1980లో బంగారం ధర కొండెక్కేసరికి ఇద్దరికీ పిచ్చి పట్టింది. శనివారాలు సియెర్రా కొండల్లో, ఎవరో ఎప్పుడో బంగారం కోసం తవ్వి వదిలేసిన సొరంగాలకు పోయేవారు. ఒకరు నడుముకు తాడు కట్టుకుని లోపల మట్టి తవ్వితే, రెండోవారు బయట తాడు కొస పట్టుకునేవారు. మలుపు దాటితే మనిషి కనబడడు. లోపలి గాలి మంచిదో చెడ్డదో తెలియదు. అందుకని దైవాశీర్వాదం గారు చర్చి పద్ధతే పెట్టారు. బయటివారు చరణంలో మొదటి సగం పాడాలి, లోపలివారు రెండో సగం అందుకోవాలి. అందుకోకపోతే తాడు లాగెయ్యాలి. పాట ఆయన సొంతంగా కట్టిందే. రెండు చరణాలు భాస్కర్‌కి నేర్పారు. మూడోదానికి మొదటి సగమే కుదిరింది, రెండో సగం ఆయనకే ఇంకా దొరకలేదు.

ఆ అక్టోబరులో ఒక కొత్త సొరంగం దగ్గరికి వెళ్ళారు. అక్కడ ఆకు కదలడం లేదు, పిట్ట కూత లేదు.

"ఇయ్యాల దొరుకుతది సూడు అన్నా" అంటూ భాస్కర్ లోపలికి వెళ్ళాడు.

మొదటి చరణానికి జవాబు ఎప్పటిలాగే అపశృతిలో వచ్చింది. రెండోదానికి పిసరంత తేడా లేకుండా, శుద్ధంగా వచ్చింది.

ఇంకొకరైతే అనుమానపడేవారు. ఈయన మురిసిపోయారు. ఇన్నాళ్ళ చాకిరీ ఫలించిందనుకుని ఆ చరణాన్నే మళ్ళీ పాడించుకున్నారు. తాడు కదలడం లేదని గమనించనే లేదు. ఆ ఊపులో మూడోది కూడా ఎత్తుకున్నారు.

"దారి చూపిన దేవా, దయచూపరాదా..."

లోపలి నుంచి మెత్తగా వచ్చింది.

"వీడిని నాకిచ్చి వెళ్ళిపోరాదా..."

దైవాశీర్వాదం గారు తాడు లాగారు. అరచేతుల తోలు ఊడినా ఆపలేదు. భాస్కర్ నీలం పెదవులతో బయటికొచ్చాడు. నోట్లో ఊదుతూ, గుండెల మీద నొక్కుతూ, ఏడుస్తూ ఆయన పిలవగా పిలవగా అతను దగ్గాడు.

"రెండో చరణం అంత బాగా ఎలా పాడావురా?"

"నేనెక్కడ పాడిన అన్నా? మొదటిది పాడంగనే తల తిరిగి కూలబడ్డ. పక్కన ఎవరో మంచిగ పాడుతుంటే నువ్వే లోపలికొచ్చినవనుకున్న."

పారలూ బేసిన్లూ అక్కడే వదిలేసి వచ్చేశారు. ఇద్దరూ నాకు వేర్వేరుగా చెప్పారు, మాట తేడా లేదు. విన్న రోజు నాకు భయమేసింది, ఇప్పటికీ వేస్తుంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం దైవాశీర్వాదం గారు భాస్కర్‌ని ముందు వరుసలో కూర్చోబెట్టుకునేవారు. మమ్మల్ని మామూలుగానే తిట్టేవారు, అతన్ని పల్లెత్తు మాట అనేవారు కాదు. ఒకసారి మాత్రం, అదే పాట రెండో చరణంలో, భాస్కర్ పొరపాటున శృతిలో పడ్డాడు. దైవాశీర్వాదం గారు పాట ఆపేశారు. వేదిక దిగి వచ్చి అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. భాస్కర్ మళ్ళీ తప్పు పాడేదాకా వదల్లేదు.