రొట్టె జేబులో వేసుకున్న ఆదివారం

పోలీస్ యాక్షన్ జరిగిన ఏడాది, ఎండలు ముదిరిన ఒక సాయంత్రం, బోయిన్‌పల్లిలోని మా అద్దె గదిలో నా భార్య అండాలు బియ్యం చెరుగుతూ ఒక్కసారిగా దగ్గింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తీసేసరికి కొంగు మీద ఎర్రటి చుక్క. "పాన్ నమిలిన, గదే," అంది. పొద్దుటినుంచీ ఆమె పాన్ ముట్టలేదని నాకు తెలుసు. అయినా సరేలే అన్నాను. నమ్మడం తేలిక కదా.

నేను అప్పుడు సికింద్రాబాద్‌లో ఒక అచ్చాఫీసులో అక్షరాలు కూర్చే పని చేసేవాడిని. రోజూ ఇంటికొచ్చేసరికి ఆమె ఒళ్ళు వెచ్చగా ఉండేది. జాకెట్లు వదులయ్యాయి. నెల తిరిగాక గాని ఆస్పత్రికి తీసుకుపోలేదు. ఎక్స్‌రే తీశారు, స్పుటమ్, అంటే కఫం, పరీక్ష చేశారు. డాక్టరు ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు.

"రైట్ లంగ్‌లో ప్యాచ్ ఉంది. స్పుటమ్ పాజిటివ్. టి.బి.నే. ఏ.పీ. షురూ చేద్దాం. బెడ్ రెస్ట్, పాలు, గుడ్లు. నువ్వు సుత ఎక్స్‌రే తీయించుకో."

ఏ.పీ. అంటే పక్కటెముకల మధ్య సూది గుచ్చి గాలి ఎక్కించడం. జబ్బుపడ్డ ఊపిరితిత్తి కదలకుండా ముడుచుకుని ఉంటే పుండు మానుతుందట. ఆ గాలి కొద్దిరోజుల్లో ఇంకిపోతుంది కనుక మళ్ళీ మళ్ళీ రీఫిల్‌కు వెళ్ళాలి.

నా ఎక్స్‌రే మాత్రం రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేశాను. అప్పటికే నాకూ పొడిదగ్గు మొదలైంది. అచ్చాఫీసులో సీసం దుమ్ము వల్లే అనుకున్నాను. నాకేమైనా అయితే అండాలుకు గంజి కాచి పోసే దిక్కు లేదు. అందుకే నాకేమీ కాలేదని తీర్మానించేసుకున్నాను. ఇల్లుగలాయన అడిగితే ఆమెకు మలేరియా అని చెప్పాను. నిజం తెలిస్తే గది ఖాళీ చేయిస్తాడని భయం.

వానాకాలం వచ్చేసరికి ఊరంతా దడదడే. ఒకవైపు రజాకార్ల మాట, ఇంకోవైపు మిలిటరీ వస్తుందన్న మాట. ఒకనాడు ఆస్పత్రికి పోతుంటే, ముందు గడబిడగా ఉందని విని టాంగావాడు సగం దారిలోనే బండి తిప్పేశాడు. ఆ రీఫిల్ తప్పింది. వారం తిరిగేసరికి అండాలుకు జ్వరం మళ్ళీ ఎగిసింది.

వార్డులో గ్రేసమ్మ అని గుంటూరు వైపు నర్సు ఉండేది. "ఆదివారం తిరుమలగిరిలో మా సంఘానికి రండి అన్నయ్యా. వదిన కోసం అందరం ప్రార్థన చేస్తాం," అంది. మేము యాదగిరి నర్సన్నకు మొక్కేవాళ్ళం. అయినా వెళ్ళాను. ఆ స్థితిలో ఎవరు ఏ గడప తొక్కమన్నా తొక్కేవాడిని.

పెంకులు కప్పిన చిన్న గది. ముప్ఫై మంది ఉంటారేమో. చెప్పులు బయట విడిచి, మగవాళ్ళ వైపు చాప చివర కూర్చున్నాను. పక్కాయన లేస్తే లేచాను, కూర్చుంటే కూర్చున్నాను. కొత్తవాళ్ళు లేచి పేరు చెప్పాలన్నారు. చెప్పాను. ఎందుకొచ్చానో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. "ఇంట్ల జెర తబియత్ మంచిగ లేదు," అని కూర్చున్నాను.

చివర్లో అయ్యగారు రొట్టె, ద్రాక్షరసం గిన్నె ఉన్న బల్ల దగ్గర నిలబడ్డారు. పాస్టరును వాళ్ళు అయ్యగారు అనే పిలుస్తారు. అందరూ వరసగా వెళ్తుంటే నేనూ లేచాను. బాప్తిస్మం పొందినవాళ్ళే తీసుకోవాలని నాకేం తెలుసు? ఆడవాళ్ళ వైపునుంచి గ్రేసమ్మ చెయ్యి ఊపింది, వెళ్ళమంటోంది అనుకున్నాను. అరచేతిలో చిన్న రొట్టె ముక్క పడింది. నా లెక్కలో అది ప్రసాదం. ఇంట్లో రోగిని పెట్టుకుని నేనెట్లా తింటాను? రుమాలులో మడిచి జేబులో వేసుకున్నాను. తర్వాత గిన్నె నా నోటి దగ్గరికి వచ్చింది. నేను తీర్థానికి పట్టినట్టు అరచెయ్యి పట్టాను. అయ్యగారు ఒక్క క్షణం నా వంక చూసి, గిన్నెను పక్కాయనకు అందించారు.

బయటికి వస్తుంటే సంఘ పెద్ద ఒకాయన నా భుజం పట్టుకున్నాడు. "జేబుల ఏం పెట్టినవ్? తియ్యి."

ఎవరు ఎవరి మనిషో తెలియని రోజులవి. రుమాలు విప్పాను.

"మా ఇంటామెకు," అన్నాను. "ఆమెకు టి.బి."

ఆ మాట పైకి అనడం నాకు అదే మొదటిసారి. పెద్దాయన చెయ్యి నా భుజం మీంచి జారింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. సిగ్గుతో చచ్చిపోయాను.

అయ్యగారు దగ్గరికొచ్చారు. "ఇది ఇంటికి తీస్కపోయేది కాదు బిడ్డా," అని ఆ ముక్క తీసుకుని తానే నోట్లో వేసుకున్నారు. "ఆమె కాడికి నేనే వస్త. ఇల్లు యాడ?"

ఇంతలో గ్రేసమ్మ వచ్చింది, కోపంగా. "వదిన సంగతి సరే. ప్రార్థనలో మీరు ఎన్నిసార్లు దగ్గారో తెలుసా? పదకొండు. నేను లెక్కపెడుతూనే ఉన్నాను. ఎక్స్‌రే తీయించుకున్నారా?"

"సీసం దుమ్ము చెల్లెమ్మా..."

"దుమ్మో కాదో ఫిల్ము చెబుతుంది. రేపే రండి."

మర్నాడే పోలీస్ యాక్షన్ మొదలైంది. బజార్లు బంద్. తలుపులు వేసుకుని గదిలోనే ఉండిపోయాం. పైన విమానాల చప్పుడుకు ఊరంతా హడలిపోతుంటే, నాకు నా ఛాతీ చప్పుడే భయం. దగ్గు వస్తే దిండులో మొహం పెట్టుకునేవాడిని. మూడో రోజు మధ్యాహ్నం అండాలు నన్నే చూస్తూ అంది.

"ఎన్ని దినాలు గట్ల దాస్తవ్? నువ్వు దగ్గుతున్నవని నాకు ఎప్పటిసందో ఎరుకే."

"మరి చెప్పలేదేంది?"

"నిన్ను సుత మంచంల ఏస్తే నన్నెవరు చూస్తరని. నా సంగతే చూస్కున్న." అంటూ గోడవైపు తిరిగిపోయింది. నేను ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను.

రోడ్లు తెరిచిన రోజే ఇద్దరం ఆస్పత్రికి వెళ్ళాం. "లెఫ్ట్‌లో చిన్న షాడో ఉంది. ఎర్లీ కేసు. ఇంకో నాలుగు నెలలు ఆగి వచ్చుంటే నా చేతుల ఏముండకపోవు," అన్నాడు డాక్టరు నా ఫిల్ము చూసి.

ఇల్లుగలాయనకు నిజం చెప్పాను. అనుకున్నట్టే ఖాళీ చేయమన్నాడు. మారేడ్‌పల్లిలో ఒక రేకుల గది అయ్యగారే చూపించారు. నన్ను పట్టుకున్న ఆ పెద్దాయన రోజూ పాలు తెచ్చి గడప దగ్గర పెట్టి వెళ్ళేవాడు. లోపలికి రావడానికి ఆయనకు రెండు నెలలు పట్టింది. అండాలుకు మధ్యలో ఛాతీలో నీరు చేరి ఏ.పీ. ఆపేశారు. అప్పుడు ఆశ వదులుకున్నాను. తర్వాత స్ట్రెప్టోమైసిన్ సూదిమందు దొరికాక మెల్లగా తేరుకుంది. నాకూ ఆ సూదులే వేశారు.

ఇప్పటికి ఆరేళ్ళు కావస్తోంది. ఇద్దరికీ స్పుటమ్ నెగటివ్. నేను అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతున్నాను. ఇప్పటికీ అండాలు దగ్గితే నా చేతిలో పని ఆగిపోతుంది, నేను దగ్గితే ఆమెదీ అంతే.

చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. ఇంట్లో ఒకరికి టి.బి. అని తేలిన రోజే, ఆస్పత్రి గేటు దాటకముందే, మిగతావాళ్ళు కూడా ఎక్స్‌రే తీయించుకోండి. రోగిని చూసుకోవాలి కదా అని మీ దగ్గు దాచుకోకండి. అండాలును చూసుకోవాలనే నేను దాచాను. ఇంకో నాలుగు నెలలు దాచి ఉంటే ఆమెను చూసుకోవడానికి నేను ఉండేవాణ్ణి కాదు.