మా గుంట

పిల్ల వాళ్ళ నాన్న ఆసుపత్రి నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలో నిలబడి, "గుంట పోయిందే" అన్నారు. నేను బియ్యం ఏరుతున్నాను. "మట్టి పోసేసారా?" అని అడిగేను.

మా శ్రీకాకుళం వైపు ఆడపిల్లని గుంట అంటాం. నీళ్ళు నిలిచిన పల్లాన్నీ గుంటే అంటాం. పిల్లకి జ్వరం తగ్గుతోందని పొద్దున్న డాక్టరు చెప్తేనే నేను ఇంటికొచ్చేను. అందుకని నాకు పూడుస్తామంటున్న నీళ్ళ గుంటే తట్టింది. ఆయన గోడకి చేరబడి కూర్చుండిపోయేరు. అప్పుడు తెలిసింది. మిగతా బియ్యం కూడా ఏరేసేను. ఎందుకో తెలీదు.

పిల్ల గురించి, ఈ పరాయి రాష్ట్రంలో మన తెలుగువాళ్ళు వేసే పత్రికలో రాయమన్నారు. నాకు చదువు తక్కువ. తెలిసినంత రాస్తాను.

ఆయనది కార్పొరేషన్ పంపు హౌసులో పని. ఊరి మురుగంతా అక్కణ్ణుంచి కాలవ పట్టి తూర్పుకి పోతుంది. చిన్నప్పుడు పిల్ల ఆయన వెంటపడి వెళ్ళి, ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయో చూసొచ్చింది. అక్కడ చేపలు పెంచే పెద్ద చెరువులున్నాయి, భేడీలంటారు. చెత్త మీద కాలీఫ్లవర్ పండే మళ్ళున్నాయి. తుంగ పెరిగిన చిత్తడి ఉంది. కాలేజీలో ఆ నీళ్ళ చదువే చదివింది. మా క్వార్టర్ల వెనకా ఓ గుంటుంది, నిండా గుర్రపుడెక్క. దాన్ని పూడ్చి ఫ్లాట్లు కడతామన్న కాణ్ణుంచి పిల్లకి ఇంట్లో కాలు నిలవలేదు.

"అన్నన్ని భేడీలుండగా ఈ దోమల గుంటెందుకే?" అనీదాన్ని.

"పెద్ద చెరువులో చేప పెరుగుతాదమ్మా. కప్ప గుడ్లెట్టేది లోతులేని ఇలాటి దాన్లోనే. నీటికోడి పిల్లల్ని దాచేది ఆ తుంగలో. వంటిల్లుంది కదాని పడగ్గది తీసేస్తావేటి?"

"మనకి అన్నీ ఒక్క గదే కదే."

"అందుకే నువ్వూ నాన్నా రోజూ కొట్టుకుంటారు."

మరోటీ అనీది. "అన్నీ ఒక్కలాటివే ఉంచేమనుకో, ఒక్క తెగులొస్తే అన్నీ పోతాయి." నేను ఊ కొట్టీదాన్ని.

మా వీధి క్లబ్బు కుర్రాళ్ళు నవ్వీవోరు. "ఒట్టి డోబా కదా మాసీమా, దానికింత గొడవా?" డోబా అంటే వాళ్ళ భాషలో గుంటే, మాసీమా అంటే పిన్ని. పిల్ల పార్టీ ఆఫీసుకి ఎన్నిసార్లు తిరిగిందో. టీ ఇచ్చి, చూద్దాం అనీవోరు. ఇంటికి రాగానే, కాళ్ళయినా కడుక్కోకుండా వెనక తలుపు తీసి చూసీది. "ఉందమ్మా" అని, అప్పుడు అన్నానికి కూచునీది.

పిల్ల పోయేక నేను ఏడవలేదు. ఇరుగుపొరుగు ఏడవమన్నారు. రాలేదు.

కర్మ అయ్యేక మట్టి లారీ ఒకటొచ్చింది. ఆ క్లబ్బు కుర్రాళ్ళే వెళ్ళి, ఇప్పుడొద్దని తిప్పి పంపేరు. మళ్ళీ వస్తాదో రాదో తెలీదు.

ఇప్పుడు డ్యూటీ నుంచి రాగానే ఆయన వెనక తలుపు తీస్తారు. "గుంట ఉందే" అంటారు. నేను ఊ అంటాను. ఆయన తలుపు వెయ్యరు. గుర్రపుడెక్క మీద నీటికోడి నడుస్తుంటాది, వెనకాలే నల్లటి పిల్లలు.