ఇంగ్లండ్ చలిలో పాలమూరు నారిపురుగు

ముందే ఒప్పేసుకుంటే మర్యాదగా ఉంటుంది. నేను ఏ సంగతి చెప్పినా దానికి కాస్త ఉప్పూ, కాస్త కారమూ, అవసరమైతే ఒక పులినీ కలుపుతాను. మా ఇంటామె నా మాటల్లో సగం తీసేసి వింటుంది. ఊరివాళ్లు ముప్పావు తీసేస్తారు. మీరెంత తీసుకుంటారో మీ ఇష్టం. కాకపోతే ఇది జబ్బు సంగతి కాబట్టి, కల్పించిన చోటేదో చివర నేనే చెప్పేస్తాను.

అప్పటికి నేను ఇంగ్లండ్‌కు పోయి పదకొండు నెలలు. అంతకుముందు మహబూబ్‌నగర్–కొల్లాపూర్ బస్సులో కండక్టర్ని. అక్కడా కండక్టర్నే, ఉత్తరాన ఒక మిల్లుల ఊళ్లో, రెండంతస్తుల బస్సు మీద. పైకెక్కి టికెట్లు కొట్టాలి, కిందికి దిగి గంట కొట్టాలి. సాయంత్రానికి శ్రీశైలం నాలుగుసార్లు ఎక్కి దిగినంత పని. ఆ ఊళ్లో ఎండ కాసిందంటే జనం ఇళ్లలోంచి బయటికొచ్చి ఒకరికొకరు చూపించుకునేవాళ్లు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున బూటు తొడుక్కుంటుంటే ఎడమకాలి చీలమండ దగ్గర నిప్పురవ్వ పడ్డట్టు చురుక్కుమంది. చూస్తే చింతగింజంత పొక్కు. మధ్యాహ్నానికి ఒళ్లంతా దద్దుర్లు, సాయంత్రానికి జ్వరం. మా ఇంట్లో మేడమీదికి పద్నాలుగు మెట్లు. ఆరోజు లెక్కపెడితే నూట నలభై తేలాయి.

పాలమూరులో పుట్టినవాడికి ఆ మంట ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. దిగుడు బావి నీళ్లతో కంటికి ఆనకుండా కడుపులోకి పోయి, ఏడాదిపాటు ఒంట్లో చప్పుడు చేయకుండా పెరిగి, ఆనక తెల్లటి దారంలా కాలిలోంచి బయటికొచ్చే నారిపురుగు. నేను బయలుదేరింది ఎండాకాలం. బావి అడుగంటి ఉంది. ఊరు విడిచే రోజు చివరి మెట్టు మీద కూర్చొని దోసిళ్లతో తాగిన నీళ్లే ఇవి.

మా చిన్నాయనకూ ఇలాగే వచ్చింది. కోతల కాలమని తొందరపడి గుంజాడు. లోపలే తెగింది. చీము పట్టి, మోకాలు కర్రలా బిగుసుకుపోయి, ఆ తర్వాత ఆయన ఒక్కనాడూ మడి గట్టు ఎక్కలేదు. మెట్లెక్కి బతికే నాకు కాలు పోతే ఏముంటుంది? ఆ భయం ఒక్కటే నన్ను పట్టుకుంది.

నాతోపాటు ఆ ఇంట్లో ఉండేవాడు ఏసుదాసు. కేతేపల్లి పిల్లవాడు, బట్టల మిల్లులో పని. కాలు చూపించాను.

"దాసూ, నారిపురుగేరా."

"నారిపురుగా? గీ దేశంల బావే లేదు గదనే అన్నా!"

"మన దగ్గర్నుంచే తెచ్చుకున్న."

"కస్టమ్సోళ్లు మా అవ్వ పెట్టిన మామిడికాయ తొక్కు గుంజుకున్నరు గని, దీన్ని ఇడిచిపెట్టిన్రా?"

"నవ్వకురా. దవాఖానల కోస్తమంటే ఏం చెయ్యాలె?"

"చెప్పాలె. గని నువ్వు చెప్తే ఎవడు నమ్ముతడు? మొన్ననే గదా మీ క్యాంటీన్ల చెప్తివి, పాలమూరు అడివిల పులి బస్సెక్కి, హాఫ్ టికెట్ అడిగిందని."

అది నిజమే. పులి సంగతి కాదు, చెప్పిన సంగతి. ఆ దేశంలో మనిషితో మనిషి కలవాలంటే వాతావరణం గురించి మాట్లాడాలి. నాకు అది రెండు నిమిషాల్లో అయిపోయేది. మిగతా టీ తాగేంతసేపు పులుల్నీ, పాముల్నీ, పదిహేనుమంది భార్యలున్న దొరల్నీ దింపేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్లు. ఆ నవ్వే నాకు అక్కడ చుట్టరికం.

మొదటి డాక్టరు "బాయిల్", అంటే సెగ్గడ్డ అని ఆయింట్‌మెంట్ ఇచ్చాడు. మూడు రోజులకు కాలు గుమ్మడికాయ అయింది. పెద్దాసుపత్రికి పంపాడు. అక్కడ బ్లడ్ టెస్ట్ చేసి "రక్తంలో ఈసినోఫిల్ కణాలు చాలా ఎక్కువున్నాయి, అలర్జీ కావచ్చు" అన్నారు. సర్జన్ వచ్చి వేలితో నొక్కి, "యాబ్సెస్, చీముగడ్డ. చిన్న ఇన్సిషన్ పెడదాం, రెండు రోజుల్లో బస్సెక్కుతావు" అన్నాడు.

"డాక్టర్, లోపల పురుగుంది. కోస్తే తెగిపోతుంది. తెగితే నా కాలు ఉండదు."

"పురుగా? ఎంత పొడుగు?"

వెనకనుంచి నర్సు నవ్వింది. ఆమె తమ్ముడు మా డిపోలో డ్రైవరు. "సార్, పులికి టికెట్ కొట్టిన కండక్టరు ఈయనే" అంది. సర్జన్ కూడా నవ్వి, ట్రేలోని కత్తి వైపు చెయ్యి చాపాడు.

నోటిదాకా ఎన్ని వచ్చాయో! తాచుపాము అనాలనిపించింది, మీ బస్సంత అనాలనిపించింది. అన్నీ మింగేశాను. "ఎంత పొడుగో నాకు తెలియదు సార్" అన్నాను. "ఒక బేసిన్‌లో చన్నీళ్లు తెప్పించండి. కాలు పెడతాను. పావుగంట చూడండి. ఏమీ రాకపోతే కోయండి."

మా దగ్గర పసిపిల్లకు కూడా తెలుసు: పొక్కు మంటకు కాలు నీళ్లలో పెడితే పురుగు తల బయటికి పెడుతుంది. ఆయన గడియారం చూసుకున్నాడు. నేను కాలు పెట్టాను. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. నర్సు ఇంకో పేషెంటు దగ్గరికి పోయి వచ్చింది. అప్పుడు పొక్కు చిట్లింది. నీళ్లలో పాలచుక్క వేసినట్టు తెల్లగా కమ్మింది. దాని నడుమ గుండుసూది మొనంత తెల్లటిది కదిలింది.

సర్జన్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "గుడ్ గాడ్" అన్నాడు. కత్తి ట్రే తీసుకుపొమ్మన్నాడు. అరగంటలో ఒక లావు పుస్తకమూ, దాని వెనక పన్నెండుమంది కుర్ర డాక్టర్లూ వచ్చారు. ఆ ఊళ్లో నాకు అంతటి మర్యాద మళ్లీ జరగలేదు.

"గినీ వర్మ్. దీనికి మీ ఊళ్లో ఏం చేస్తారు?" అని సర్జన్ నన్నే అడిగాడు. వేపపుల్లకు చుట్టి, రోజుకు వేలెడు చొప్పున, గట్టిగా లాగకుండా తిప్పుతారని చెప్పాను. ఆయన వేపపుల్ల బదులు అగ్గిపుల్లకు చుట్టి, పైన గాజుగుడ్డ కట్టాడు. రోజూ ఒక చుట్టు. "పేషెన్స్, మిస్టర్ మల్లయ్యా" అనేవాడు చుట్టినప్పుడల్లా. పదిరోజులకు మూరన్నర బయటికొచ్చింది. డ్రెస్సింగ్‌కు రోజూ రమ్మని ఇంటికి పంపారు.

ఇక తప్పు నాది. ఆ శనివారం మా డిపో వాళ్ల సాలీనా విందు. పదకొండు నెలల్లో నన్ను పేరు పెట్టి పిలిచిన మొదటి విందు. కోటు ఇస్త్రీ చేసుకున్నాను. కట్టు మీద బూటు ఎక్కలేదు. ఏసుదాసు అడ్డం నిలబడ్డాడు.

"చెప్పులేసుకొని పో."

"విందుకు చెప్పులా? ఏమనుకుంటరు?"

"ఏమన్నా అనుకోనీ. మీ చిన్నాయన కోతలకని గుంజిండు. నువ్వు కోడికూరకు గుంజుతవా?"

వాడు మిల్లుకు పోగానే కట్టు విప్పి గుంజాను. ఇంకెంత ఉంటుందిలే అనుకున్నాను. సన్నగా, తడి దారం తెగినంత చప్పుడు కూడా కాకుండా తెగిపోయింది. మిగిలింది లోపలికి జారిపోయింది. విందుకు పోయాను. సూపు తాగేలోపే వణుకు పట్టుకుంది. మర్నాడు నూటనాలుగు జ్వరం, తొడదాకా వాపు.

సర్జన్ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "కోయొద్దని నాకు చెప్పింది నువ్వే కదా" అని మాత్రం అన్నాడు. చీము తీశారు. పూటపూటకు పెన్సిలిన్. నాలుగో రోజు మోకాలు వంచమంటే వంగలేదు. ఎనిమిదో రోజు కొద్దిగా వంగింది. ఏడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాను.

పలకరింపుల సంగతి చెప్పాలి. మన దగ్గర ఒకరికి జ్వరమొస్తే ఊరంతా మంచం చుట్టూ చేరుతుంది. వద్దన్నా నాలుగు మందులు చెప్పి, ఆ జబ్బుతో పోయినవాళ్ల పేర్లు నాలుగు చెప్పి, టీ తాగి లేస్తారు. అక్కడ జబ్బుమనిషిని కదిలించకపోవడమే మర్యాద. మా ఇంటి యజమానురాలు మిసెస్ పార్కిన్ పువ్వుల బొమ్మ ఉన్న కార్డు పంపింది. అయితే మా డిపోవాళ్లు మాత్రం ఒక ఆదివారం ఏకంగా రెండంతస్తుల బస్సేసుకొని వచ్చారు. పైన ముప్పైమంది, కింద ఇరవైమంది. వార్డులో నిలబడ జాగా లేక సిస్టర్ కేకలేసింది.

ఆ మరుసటేడు తిరిగొచ్చేశాను. ఇప్పుడు మహబూబ్‌నగర్ బస్టాండులో బస్సుల టైము రాసే పని. ఎడమ మోకాలు ముప్పావు వంతు వంగుతుంది. నేలమీద బాసింపట్టు వేయలేను, పీట మీద కూర్చొని తింటాను. మెట్లు ఎక్కగలను. మా ఇంటామె నీళ్లు నాలుగు మడతల గుడ్డలో వడగడుతుంది, నేను వద్దనను.

మీకు ఈ పురుగు కనబడితే నేను చెప్పేది ఒకటే. గుంజకండి. కోతలున్నా, పెండ్లి ఉన్నా, పట్నం బస్సు దాటిపోతున్నా సరే, రోజుకు ఒక్క చుట్టే. అది బయటికొచ్చేదాకా మన తొందరంతా పక్కన పెట్టాలి.

ఇక మాట ఇచ్చాను కాబట్టి చెబుతున్నాను. బయటికొచ్చిన మూరన్నర పురుగు నిజం, నర్సు టేపుతో కొలిచింది. బేసినూ నిజమే. కల్పించింది ఆ బస్సు.

ఏసుదాసుకు ఆదివారాలు కూడా షిఫ్టు, రెండుసార్లు రాగలిగాడు. డిపో నుంచి వచ్చింది ఒక్కడే. నేను టికెట్లు కొట్టే బస్సు డ్రైవరు, టామ్. నెలంతా కలిసి తిరిగితే పది మాటలాడే మనిషి. టోపీ చేతిలో పట్టుకొని మంచం పక్కన కూర్చున్నాడు. చాలాసేపటికి "నొప్పిగా ఉందా?" అని అడిగాడు. పులిని దింపుదామనుకున్నాను. రాలేదు. "ఉంది" అన్నాను. అతను తల ఊపాడు. విజిటింగ్ గంట కొట్టేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం. లేచి, "మంగళవారం వస్తా" అన్నాడు. వచ్చాడు.

ఆ ఒక్కడి గురించి రాయబోతే నాకు మాటలు సరిపోలేదు. అందుకని యాభైమందిని ఎక్కించాను.