పెట్టెల్లో పసుపు బియ్యం

మా పేట ఖానాపురం హవేలిలో ఎవరైనా ఏం పనిచేస్తావని అడిగితే, షేర్ ఆటో నడుపుతానని చెబుతాను. పెద్ద అబద్ధమేమీ కాదు. ఒక్కరి సరుకుతో ఓడలో వెళ్లే కంటైనర్ నిండదు. అందుకని నలుగురైదుగురు చిన్న వ్యాపారుల సరుకు ఒకే కంటైనర్‌లో కలిపి పంపుతాం. తల్లాడ మిరప పొడి, కల్లూరు మామిడి తాండ్ర, ఎవరివో వెదురు బుట్టలు, అన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ సముద్రం దాటుతాయి. ఎవరు పంపుతున్నారు, లోపల ఏముంది, ఎంత తూగుతుంది, ఈ కాగితాలన్నీ తయారుచేయడం నా పని. ఒక్కరి కాగితం తప్పైనా మొత్తం కంటైనర్ రేవులో ఆగిపోతుంది. గుంపులో గోవింద ఇక్కడ కుదరదు.

నాకు కోపం ఎక్కువ. ఆఫీసులో అందరికీ తెలుసు. లోపల ఏముందని రాయాల్సిన చోట "వగైరా" అని రాసి పంపేవాళ్లను ఫోన్‌లో ఎంత తిట్టానో నాకే గుర్తు లేదు. పెట్టెలో ఉన్నది కాగితంలో ఉండాలి, కాగితంలో ఉన్నదే పెట్టెలో ఉండాలి. ఆదివారం చర్చిలో పది ఆజ్ఞలు చదువుతుంటే, పదకొండోది ఇదే అయి ఉండాలని లోలోపల అనుకుంటాను.

భద్రాచలం వైపు అడవి అంచున ఒక పల్లె ఉంది. అక్కడి ఆడవాళ్లు అడవిలో అడ్డాకులు కోసుకొచ్చి, ఆరబెట్టి, పుల్లలతో కుట్టి, మిషను మీద వత్తి విస్తర్లు చేస్తారు. నమూనాకి పంపినవి జర్మనీలో ఒక దుకాణం వాళ్లకు నచ్చి, మొదటి పెద్ద ఆర్డరు ఇచ్చారు. వాళ్ల దగ్గర ఆరుబయట విందుల కాలం మొదలయ్యేలోపు సరుకు చేరాలి, ఈ కంటైనర్‌లో రాకపోతే ఇంకో దేశం నుంచి తెప్పించుకుంటామని తెగేసి చెప్పారు. మా సారుకు ఈ బేరం మొదటి నుంచీ ఇష్టం లేదు. అడవి సరుకు, తేమ, పురుగు, ఈ తలనొప్పి మనకెందుకన్నారు. నేనే పట్టుబట్టాను. సరే, ఈ ఒక్కసారికి చూద్దాం, ఏదన్నా తేడా వస్తే మళ్లీ ఆ ఊసెత్తొద్దన్నారు. అంటే ఆ పల్లెకు ఉన్నది ఈ ఒక్క అవకాశమే.

పెట్టెలు మా గోడౌన్‌కు వచ్చాయి. తూకం వేస్తే ప్రతి పెట్టే నేను రాసిన ప్యాకింగ్ లిస్టు కంటే కాస్త ఎక్కువ తూగింది. వానకు తడిపారేమోనని హమాలీల మీద విసుక్కున్నాను. పాపం, ఆ రోజు వానే లేదు.

సరుకు కంటైనర్‌లోకి ఎక్కించడానికి సాయంత్రం లారీ హైదరాబాద్ బయలుదేరాలి. పొద్దున్నే మొక్కల తనిఖీ అధికారి వచ్చాడు. ఆకుల్లో పురుగు, గింజ, మట్టి లేవని ఆయన ధ్రువపత్రం ఇస్తేనే విస్తర్లు దేశం దాటుతాయి. ఆయన ఒక పెట్టె తెరిపించి కట్టలు తీయించాడు. అడుగున పిడికెడు పసుపు బియ్యం ఉన్నాయి. రెండో పెట్టె తెరిపించాడు. అందులోనూ అంతే. మూడోది తెరవకుండానే నా వైపు చూశాడు. కాగితంలో ఎండిన ఆకులు, లోపల ధాన్యం, ఇది పోదన్నాడు. నా పదకొండో ఆజ్ఞ నా కళ్ల ముందే గంగలో కలిసింది.

ఆ పల్లె ఆడవాళ్లకు పెద్దగా ఉండే ఆవిడకు ఫోన్ చేశాను. వయసులో నాకంటే చాలా పెద్దది, అక్కా అని పిలుస్తాను.

"అక్కా, పెట్టెలల్ల బియ్యం ఎవరు పోసిండ్రు?"

"అందరం పోసినం బిడ్డా. ఏమైంది?"

తిట్టు నాలుక చివర దాకా వచ్చింది. ఆమె మాత్రం చల్లగా చెప్పుకుపోయింది. "మా చేతుల సరుకు మొదటిసారి ఊరు దాటుతున్నది. మా వేల్పు ముందట పెట్టి మొక్కినం. ఆడబిడ్డను వట్టి ఒడితోని సాగనంపుతమా? గిదీ గంతే."

తిట్టు మింగేశాను. నిజం చెప్పాలంటే నాకు ఏడుపొచ్చింది. మా ఇళ్లలో ఒడి బియ్యం ఆచారం లేదు. మా సందులో ఆడవాళ్లు పుట్టింటి నుంచి ఒడి నిండా పసుపు బియ్యంతో దిగుతుంటే, అంతా ఆర్భాటమని మా ఆయనతో అంటాను గానీ, వాళ్లు గుమ్మం దాటి లోపలికి వెళ్లేదాకా చూస్తూనే ఉంటాను.

సంగతి చెప్పి, హమాలీలతో పెట్టెలు దులిపించేస్తానన్నాను. ఆమె గొంతు మారింది. అవి నేలన పడొద్దు, ఎవరి కాలూ తగలొద్దు, మేమే వచ్చి తీస్తామంది.

ఇటు అధికారిని బతిమాలాను. ప్రతి పెట్టే ఖాళీ చేసి శుభ్రంగా సర్దితే మళ్లీ చూస్తారా అని అడిగాను. తిరిగి వెళ్లేటప్పుడు ఒకసారి ఆగుతాను, ఒక్క గింజ కనిపించినా సంతకం పెట్టనన్నాడు. సారు మాత్రం ఆ పెట్టెలు పక్కన పెట్టి మిగతావి ఎక్కించమన్నారు. పొద్దుటి నుంచి దాచుకున్న కోపం అక్కడ పనికొచ్చింది.

"లారీ కదిలేదాంక ఆ పెట్టెలు లిస్టులనే ఉంటయ్ సార్. నేనైతే కొట్టెయ్య" అన్నాను.

సారు లేచి ఫ్యాను వేగం పెంచుకున్నారు.

ఎండ నడినెత్తి మీద ఉండగా ఆడవాళ్లు ట్రాలీ ఆటోలో దిగారు. గోడౌన్‌లో ఉతికిన చీర పరిచి కూర్చున్నారు. ఒకరు కట్టలు ఎత్తుతుంటే ఒకరు బియ్యం కొంగులోకి తీశారు, ఇంకొకరు ఒక్కో విస్తరినీ వెలుతురుకు పట్టి చూశారు. మధ్యమధ్య తమ భాషలో ఏదో అనుకుని నవ్వారు. అది నా గురించేనని తెలుస్తూనే ఉంది. నేనూ వాళ్ల పక్కనే కూర్చుని, అట్టల మడతల్లో ఇరుక్కున్న గింజలను జడపిన్నుతో తీశాను. హమాలీలు ఎవరూ చెప్పకుండానే చెప్పులు బయట విడిచి వచ్చి పెట్టెలు అందించారు. టేపు వేసి మళ్లీ తూచాం. కాటా మీద అంకె నా లిస్టులో అంకెతో సరిగ్గా కలిసింది. తడీ లేదు, గిడీ లేదు. ఎక్కువ తూగింది ఆ బియ్యమే.

అధికారి మాట తప్పకుండా వచ్చాడు. తనకు తోచిన పెట్టెలు తెరిపించాడు. మూలల్లో వేలు పెట్టి తడిమాడు, అట్టలు ఎత్తి చూశాడు. చివరి పెట్టె మూసి, జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టాడు. నేను హల్లెలూయ అన్నాను, చర్చిలో కన్నా గట్టిగానే.

లారీలో మిరప పొడి పక్కన విస్తర్లు ఎక్కాయి. గేటు దాకా దాని వెనకాలే నడిచిన సారు, వచ్చే నెల వాళ్లు ఎంత సరుకు ఇవ్వగలరో కనుక్కోమన్నారు. అలాగే సార్ అన్నాను. ఆ ఆఫీసులో నేను అంత తియ్యగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ సరుకు వేళకు చేరింది, జర్మనీ వాళ్లు అడ్డాకుల్లో భోంచేశారు, రెండో ఆర్డరూ వచ్చింది. ముందే చెప్పేస్తున్నాను, ఊరించడం నాకు చేతకాదు.

ఇక బియ్యం మిగిలాయి. ఇంటికి పట్టుకెళ్లమన్నాను. సాగనంపేటప్పుడు పోసినవి వెనక్కి తీసుకుపోకూడదట. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఆ పెద్దావిడ లేచి నా దగ్గరికి వచ్చింది.

"పెట్టెలకు ఒద్దన్నరు, మంచిది. వాటిని దాటించింది నువ్వు. చున్నీ పట్టు బిడ్డా."

"మేం చర్చికి పోతం అక్కా. మా ఇండ్లల్ల గిది లేదు."

"మా ఇండ్లల్ల ఉన్నది గద" అంది.

చున్నీ పట్టాను. ఒక్కొక్కరే వచ్చి దోసిళ్లతో పోశారు. చేతులు నొప్పి పుట్టినా దించలేదు. జీవితంలో అంత సంతోషం నాకు చాలా తక్కువసార్లు కలిగింది.

ఇంటికి నిజం షేర్ ఆటోలోనే వెళ్లాను, ఒడిలో మూటతో. పక్కనున్న ముసలమ్మ పసుపు అంటిన చున్నీని చూసి జరిగి చోటిచ్చింది. "పుట్టింటికి పోయొస్తున్నవా బిడ్డా? ఎక్కడ మీది?" అని అడిగింది.

"అవ్ అమ్మా. భద్రాచలం దిక్కు, అడవిల" అన్నాను.

వివరాలు తప్పు చెప్పడం నాకు అలవాటు లేదు. ఆ సాయంత్రం కూడా తప్పు చెప్పలేదు.