అప్ప కోసం కామంచి ఆకు

భిలాయిలో ఉండే మా అప్ప, అంటే మా అక్క, ఫోన్ చేస్తే గంటకు తక్కువ మాట్లాడదు. అలాంటిది ఈ ఫిబ్రవరిలో వరసగా మూడు ఫోన్లు రెండేసి నిమిషాల్లో ముగిశాయి. నోరంతా పూసిందట. డాక్టరు చూసి, భయమేమీ లేదని మాత్రలిచ్చాడట. "మాటాడితే మండిపోతందే. అమ్మ వండే కామంచి కూర తినాలనుంది" అంది.

నోటిపూతకు మా అమ్మకు తెలిసిన మందు అదే. కామంచి ఆకు పెసరపప్పుతో కారం లేకుండా వండి, అన్నంలో కలిపి పెట్టేది. మా పెరట్లో ఆ మొక్కలున్నాయి. ఒక కట్ట కోసి, తడిగుడ్డలో చుట్టి, విజయనగరంలో సాయంత్రం ఏడు గంటల బండెక్కాను.

ఎదురు బెర్తులో రైల్వేలో రిటైరైన పెద్దాయన. ఇల్లు భిలాయి-3 స్టేషన్ దగ్గర. నా మూట చూసి, "ఏటమ్మా, ఆకుకూర కూడా పట్టుకెళ్తన్నారు?" అని నవ్వారు.

"ఇది బజార్లో దొరికేది కాదండీ" అన్నాను గర్వంగా.

పొద్దున్న ఆరున్నరకు రాయపూర్‌లో దిగి మూట విప్పితే ఆకు నల్లబడి కుళ్ళిపోయింది. ఏడుపొచ్చినంత పనైంది. పెద్దాయన టీ ఇప్పించి, "మా భిలాయిలో ఉక్కే కాదమ్మా, మొక్కలూ ఉంటాయి" అన్నారు. దుర్గ్ లోకల్ ఇద్దరం కలిసే ఎక్కాం. ఆయన తన స్టేషన్లో దిగిపోయారు. నేను పవర్‌హౌస్ స్టేషన్లో దిగి, ఆటోలో సెక్టర్ 7లో అప్ప వాళ్ల క్వార్టర్‌కి చేరేసరికి తొమ్మిదైంది.

అప్ప గుమ్మంలో నిలబడి ఉంది. చిక్కిపోయింది. ఎప్పుడూ చీవాట్లతో లోపలికి పిలిచే మనిషి, నా చెయ్యి పట్టుకుని ఊరుకుంది. నాకు భయం వేసింది. నాకు పూరీలు పెట్టి, తను మాత్రం వంటింట్లో చల్లటి మజ్జిగన్నం తింది.

అప్ప కోడలు సునీత భిలాయిలోనే పుట్టింది. ఆమె తెలుగులో సగం హిందీ. "చిన్నత్తా, కామంచి అంటే ఏటి?" అని అడిగితే ఫోన్లో బొమ్మ చూపించాను. తెల్లటి చిన్న పూలు, గుత్తులుగా మిరియాలంత నల్లటి పళ్లు.

సునీత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అరే, యే తో మకోయ్! మేం దీన్ని మకోయ్ అంటాం. క్వార్టర్ వెనకే ఉంది. కచ్రా మొక్క అనుకొని ప్రతి సండే పీకీస్తన్నాను!"

అప్ప మాకంటే ముందు పెరట్లోకి నడిచింది. పంపు దగ్గర గోడవారగా, సునీత చేతికి చిక్కనివి ఏడెనిమిది మొక్కలు మిగిలాయి. నేను ఆకుతోపాటు పచ్చికాయలూ తుంచుతుంటే, పక్కింట్లో పనిచేసే ఫులేశ్వరి గోడ మీంచి కేకేసింది. "హరియర్ ఫర్ ఝన్ డారహూ, దీదీ!"

పచ్చికాయ వెయ్యొద్దంటోందని సునీత చెప్పింది. అది విషమట. ఫులేశ్వరి వాళ్ల ఊళ్లోనూ లేతాకును భాజీగా, అంటే కూరగా వండుకుంటారట, బాగా నల్లబడ్డ పళ్లు మాత్రమే తింటారట. అమ్మ కాయలన్నీ ఏరి పారేసేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఫులేశ్వరే లోపలికొచ్చి, రెమ్మరెమ్మా చూసి కాయలు తీసేసింది. మీరెవరైనా వండాలనుకుంటే, మొక్క బాగా తెలిసినవాళ్లకు చూపించకుండా వండకండి.

ఆకు ఉడికించి, ఆ నీళ్లు వార్చేసి, పెసరపప్పు వేసి నేతిలో జీలకర్ర తాలింపు పెట్టాను. అప్ప మొదటి ముద్ద చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది. "ఉప్పు చాల్లేదు" అంటూనే కంచం మళ్లీ చాపింది. ఫులేశ్వరి కూడా మాతోనే కూర్చుని తింది.

మూడో రోజుకి మంట తగ్గింది. మాత్రల వల్లో, కూర వల్లో నేను తేల్చలేను. అప్ప మాత్రం నెహ్రూ నగర్‌లో తన స్నేహితురాలింటికి నన్ను తీసుకెళ్లి, అమ్మ కూర సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది. అక్కడ నాకు ఒక్క మాటకీ సందివ్వలేదు.

ఐదో రోజు మధ్యాహ్నం నన్ను రాయపూర్ లోకల్ ఎక్కించడానికి అప్ప స్టేషన్‌కి వచ్చింది. ఆటోలోనే మొదలుపెట్టింది. "ఏటే ఆ చీర? ఇన్ని సంచులేటి? బండిలో ఎవరేటిచ్చినా తినీకు!" బండి కదిలినా ఆగలేదు. ప్లాట్‌ఫారం మీంచి, "చేరీగానే ఫోన్ చెయ్యి, మర్చిపోయావో చూడు!" అని అరిచింది.

ఎదురుగా కూర్చున్న తెలుగమ్మాయి జాలిగా చూసింది. "ఆంటీజీ, ఆవిడకి మీ మీద గుస్సా వచ్చిందా?"

"లేదమ్మా" అన్నాను. "ఒంట్లో బాగైంది."