గడ్డ కాదని నాలుగుసార్లు చెప్పాను

1980ల మొదట్లో నేను ఆళ్లగడ్డలో టీచరుగా ఉండేదాన్ని. మా నాలుగేళ్ల పాపకు తలలో నీరు చేరితే మద్రాసులో ఆపరేషన్ చేసి, ఆ నీరు కడుపులోకి దిగేలా చర్మం కింద సన్నని గొట్టం వేశారు. వాంతులు, మగత కనిపిస్తే గొట్టం మూసుకుపోయినట్టేనని, ఆలస్యం చేయొద్దని చెప్పి పంపారు.

మరుసటి ఎండాకాలం ఒకరోజు పొద్దున్నుంచీ పాపకు వాంతులే. కళ్లు తెరవడం లేదు. బస్సులో నంద్యాల ఆస్పత్రికి తీసుకెళ్లాం. మావారు చీటీ వరుసలో నిలబడితే, నేను పాపను ఎత్తుకుని లోపలికి పోయాను. ఎండలకని మా అత్తమ్మ పాపకు గుండు కొట్టించింది. దాంతో చెవి వెనక గొట్టం మొదలు బుడిపెలా కనిపిస్తోంది.

డాక్టరు దాన్ని వేలితో నొక్కి, "సెగగడ్డ. కోస్తే సరిపోతాది" అన్నాడు.

"గడ్డ కాదు సార్, గొట్టం. తలలో నీళ్లు కడుపులోకి పోయేదానికి వేసినారు."

"తలలో నీళ్లు కడుపులోకి ఎట్ల పోతాయమ్మా? ఊరికే ఉండు."

నాలుగుసార్లు చెప్పాను. డాక్టరు కత్తి అందుకున్నాడు. పాప తలకు నా రెండు చేతులూ అడ్డం పెట్టాను.

"చెయ్యి తీస్తావా, బయటికి పోతావా?"

అప్పుడే మావారు లోపలికొచ్చి, "అది గొట్టం సార్, మద్రాసులో వేసినారు" అన్నారు.

డాక్టరు కత్తి కింద పెట్టేశాడు. "ఈ మాట ముందే చెప్పొద్దా అప్పా?" అని మావారిని మందలించాడు.

ఆ రోజే మద్రాసు బయల్దేరాం. అక్కడ గొట్టం మార్చారు, దేవుని దయవల్ల పాప బతికింది. నా కోపం మాత్రం ఈనాటికీ తగ్గలేదు. ఆ తర్వాత ఏ ఆస్పత్రికి పోయినా మావారినే పాపతో లోపలికి పంపి, చీటీ వరుసలో నేను నిలబడేదాన్ని.