సర్కారు తుమ్మ

నా గొడ్డలి చేసిన ఘోరం చెబుతాను, వినండి. మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి. తలుచుకుంటే నాకే నా మీద ఒళ్లు మండుతుంది.

మైదుకూరు దగ్గర అటవీశాఖ బీడు ఒకటుంది. దాన్నిండా కంపచెట్లు. పిలవని పెళ్లికొచ్చి పందిట్లోనే కాపురం పెట్టే చుట్టంలాంటివి. అవి గడ్డిని మింగేసి, పిట్టలు గూళ్లు కట్టే నల్లతుమ్మలను వంక గట్టుకు తరిమేశాయి. ఆ కంపను నరికించడానికి, కోస్తా నుంచి కొత్తగా వచ్చిన రేంజర్ సారు కూలీల మేస్త్రీనైన నన్ను పిలిచాడు.

"సర్కారు తుమ్మ ఒక్కటీ మిగలకూడదు. తక్కినవి పిట్టలకు వదిలేయండి," అన్నాడు.

వాళ్ల వైపు కంపకే సర్కారు తుమ్మ అని పేరట. నాకేం తెలుసు? బీడు సర్కారుది కాబట్టి అందులోని తుమ్మలు సర్కారు తుమ్మలు. ఐదో తరగతిలో బడి మానేసినా ఇంత తెలివి మిగిలిందని మురిసిపోతూ నేరుగా వంకకు నడిచాను.

కూలికొచ్చిన ఓబులమ్మ పెద్దమ్మ చెట్టుకు అడ్డం నిలబడింది.

"ఏమప్పా దస్తగిరీ, కండ్లు యాడ పెట్టినావు? గిజిగాళ్లు గూళ్లు అల్లుకుంటాండాయి."

"సారు పేరు పెట్టి చెప్పినాడు పెద్దమ్మా."

"పోయి ఇంకోసారి అడుగు."

"అడిగితే ఏమీ తెలీనోడు అనుకోడా?"

"తెలిసినోడివని ఇప్పుడు ఎవురనుకుంటాండారు లేప్పా?"

కూలీలంతా కిసుక్కుమన్నారు. ఆ పంతానికే కొట్టాను. సగం అల్లిన గూళ్లు నేలపాలయ్యాయి. తలమీద తిరుగుతూ పిట్టలు తిట్టిన తిట్లు ఏ భాషో గానీ, ఒక్కటీ అర్థం కాకుండా పోలేదు.

సాయంత్రం వచ్చిన సారు ముఖం ఎర్రబడింది. "ఇవెందుకు కొట్టావయ్యా?"

"సర్కారు తుమ్మలు కదా సార్."

"మరి ఆ నిలబడ్డవేంటి?"

"కంప సార్."

"అదేనయ్యా సర్కారు తుమ్మ."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా సార్."

"నువ్వు అడగొచ్చు కదా."

"ఇద్దరూ ఇద్దరే," అంది పెద్దమ్మ, గూడొకటి ఏరుకుంటూ. "పిట్టలు మాత్రం యాడికి పోవల్ల?"

సారూ నేనూ వంగి తక్కిన గూళ్లు ఏరాం.

వానలు తెరిపిచ్చాక, ఈసారి అసలు కంపనే కొట్టడానికి గొడ్డళ్లతో పోయాం. చూస్తే దాని కొమ్మలనిండా గూళ్లు, లోపల పిల్లల కిచకిచలు. కొంప కూలినవాళ్లు దొరికినచోటే సర్దుకున్నారు.

సారు తల పట్టుకున్నాడు. "ముట్టుకోవద్దు. గూళ్లున్న కంప అట్లాగే ఉండాలి."

"ఎన్నాళ్లు సార్?"

"నువ్వు కొట్టిన తుమ్మలు మళ్లీ పెరిగేదాకా."

ఆ తుమ్మల మోళ్లకు నీళ్లు పోయడం, బొగ్గులు కాల్చేవాళ్లు నరక్కుండా కంపకు కావలి కాయడం, రెండూ నాకే పడ్డాయి. జిల్లా అంతా వేళ్లతో సహా పీకిపారేస్తున్న చెట్టుకు కాపలావాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

అందుకే నా గొడ్డలి మీద ఒట్టు. ఇకమీద ఎంతటి సారైనా సరే, చెట్టు పేరొక్కటే చెబితే కొట్టను. ఆయనే ఆ చెట్టును రెండు చేతులా వాటేసుకుని చూపించాలి. ముల్లు దిగి "అబ్బా" అన్నాకే మిగతా మాటలు.